మామ్మ చేతి కొలత ఎవరికి అందాలి?



డిసెంబరు నెల వచ్చిందంటే విశాఖపట్నంలోని కతోలిక కుటుంబాలు రెండు దారులు పడతాయి. ఒకటి కొండగుడి దారి. డిసెంబరు 8వ తేదీన మరియతల్లి పండుగకు పిల్లాపాపలతో మెట్లెక్కుతాము. రెండవది పూర్ణా మార్కెట్ దారి. బియ్యం, బెల్లం, నువ్వులు, నెయ్యి, యాలకులు, కొబ్బరికాయలు, మైదా, ఎండు ద్రాక్ష, జీడిపప్పు, మసాలా దినుసులు అని చీటీ వ్రాసుకొని సంచులు పట్టుకొని వెళతాము. ఈ రెండు దారులూ మన పండుగకు అవసరమే.

ఆ చీటీని ఒకసారి శ్రద్ధగా చూడండి. అది సరుకుల జాబితా మాత్రమే కాదు. మీ ఇంట్లో ఏ పిండివంట ఉంటుందో, ఎంతమందికి పంచుతారో, ఏది తప్పినా పండుగ పండుగలా ఉండదో, అన్నీ అందులో ఉన్నాయి. ఒక ఇంటి చీటీ మరొక ఇంటి చీటీలా ఉండదు. కాని ఆ చీటీ చెప్పని విషయం ఒకటి ఉన్నది. బెల్లం ఎంత కొనాలో అది చెబుతుంది. పాకం ఎప్పుడు దించాలో చెప్పదు. అది మామ్మకో, అమ్మమ్మకో తెలుసు. ఆమె చేతికి తెలుసు.

మరి ఆమె తరువాత ఎవరికి తెలుసు? ఈ వారం మన పాఠం ఈ ప్రశ్న గురించే.

ఎందుకు అందడం లేదు?

పూర్వం ఇంటి వంట నేర్పడానికి ప్రత్యేకంగా ఎవరూ కూర్చోలేదు. ఉమ్మడి కుటుంబంలో పొయ్యి దగ్గర నలుగురు ఆడవారు ఉండేవారు. ఒకరు పిండి జల్లించేవారు, ఒకరు పాకం చూసేవారు, ఒకరు వత్తేవారు, ఒకరు వేయించేవారు. చిన్నపిల్లలు చుట్టూ తిరుగుతూ, నువ్వులు అద్దుతూ, తిట్లు తింటూ నేర్చుకొనేవారు. పదేళ్లు అలా చూసిన పిల్లకు పెళ్లినాటికి పని వచ్చేసేది.

ఇప్పుడు ఆ ఏర్పాటు లేదు. దీనికి ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు. పిల్లలు చదువుకోవాలి, ఉద్యోగాలకు వెళ్లాలి. కొడుకు హైదరాబాదులో, కూతురు బెంగళూరులో, మనుమడు గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉంటున్నారు. పండుగకు రెండు రోజుల సెలవు మీద వస్తారు. వచ్చేసరికి డబ్బాలు నిండి ఉండాలని అమ్మ ముందే అన్నీ చేసి పెడుతుంది. అది ప్రేమే. కాని ఆ ప్రేమ వల్లనే పిల్లలు తినడం నేర్చుకొంటున్నారు గాని చేయడం నేర్చుకోవడం లేదు.

రెండవ కారణం, మిఠాయి కొట్లలో అన్నీ దొరుకుతున్నాయి. కొనుక్కోవడం పాపం కాదు. పనిచేసే కోడలికి, ఒంటరిగా ఉన్న వృద్ధురాలికి అది పెద్ద సాయం. కాని కొన్న అరిసెకు మన ఇంటి కథ ఉండదు.

మూడవ కారణం చెప్పడానికి కొంచెం కష్టంగా ఉంటుంది. కొందరు తమ వంట రహస్యాన్ని ఎవరికీ చెప్పరు. “నా చేతి రుచి నాతోనే” అనుకొంటారు. అడిగిన కోడలికి అన్నీ చెప్పి ఒక దినుసు మాత్రం దాచేవారూ ఉన్నారు. దాచిన వంట నిలవదు. దాచినవారితోపాటే అది వెళ్లిపోతుంది.

కొలతలు మారిన కథ

ఇంకొక కారణం మనం సాధారణంగా గమనించము. మన పెద్దల కొలతలు వేరు, మన కొలతలు వేరు.

మన కోస్తా జిల్లాల్లో ధాన్యాన్ని, పిండిని, నూనెను కొలిచే పాత్రలు ఉండేవి. నాలుగు గిద్దలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. రెండు మానికలు ఒక అడ్డ. రెండు అడ్డలు ఒక కుంచం. బెల్లం, చింతపండు వంటివి వీశెల్లో తూచేవారు. వీశె అంటే దాదాపు కిలో నాలుగు వందల గ్రాములు. ఎనిమిది వీశెలు ఒక మణుగు.

1956లో పార్లమెంటు తూనికలు కొలతల చట్టం చేసింది. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాములు దశలవారీగా అమలులోకి వచ్చాయి. బజారు మారిపోయింది. కాని వంటిల్లు వెంటనే మారలేదు. కొట్టులో కిలోల్లో కొన్న బియ్యాన్ని ఇంటికి తెచ్చి సోలతోనే కొలిచిన ఇల్లాళ్లు ఎందరో. వారి పిండివంటల లెక్క అంతా సోలల్లోనే, తవ్వల్లోనే ఉన్నది. “తవ్వెడు బియ్యానికి ఇంత బెల్లం” అని వారు చెబితే, సోలను చూడని మనుమరాలికి ఏమి అర్థమవుతుంది?

అందులోనూ మన ఇళ్లలో ఉన్న పాత్రలు ఒక్కలాంటివి కావు. ఒక ఇంట్లో ఇత్తడి సోల, మరొక ఇంట్లో పాలడబ్బా మూత, ఇంకొక ఇంట్లో తాతగారి టీ గ్లాసు కొలతగా ఉంటాయి. ఆ పాత్ర పోతే వంటకమూ పోయినట్లే. కాబట్టి మీ ఇంట్లో అటువంటి పాత్ర ఉంటే, ఈ వారమే దాని నిండా బియ్యం పోసి తలకొట్టి, తూచి, ఎన్ని గ్రాములో ఒక చోట వ్రాసుకోండి. బియ్యానికి ఒక తూకం, పిండికి ఒక తూకం, పంచదారకు ఒక తూకం వస్తుంది. మూడూ వేరువేరుగా వ్రాయండి. అయిదు నిమిషాల పని. మూడు తరాల లెక్క నిలుస్తుంది.

అరిసె చెప్పే పాఠం

కొలతలు వ్రాసుకొంటే చాలునా? చాలదు. ఎందుకు చాలదో మన పండుగ అరిసెనే అడుగుదాము.

అరిసెకు కావలసినవి చాలా తక్కువ. బియ్యం, బెల్లం, నువ్వులు, కొంచెం నెయ్యి, యాలకులు, వేయించడానికి నూనె. మన పక్కనే ఉన్న అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశమంతటా పేరున్నది. చెరకు గానుగలు ఆడే కాలమూ, కొత్త ధాన్యం ఇంటికి వచ్చే కాలమూ క్రిస్మసు, సంక్రాంతి రోజులకు కలిసివస్తాయి. అందుకే అరిసె మన రైతు ఇంటి పండుగ వంట అయింది. సంక్రాంతికి పొరుగింటి హిందూ సోదరి చేసే అరిసె, క్రిస్మసుకు మనం చేసే అరిసె ఒక్కటే.

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం అని చాలామంది లెక్క. బియ్యాన్ని ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టాలి. మధ్యలో నీళ్లు మార్చాలి. తరువాత వార్చి, గుడ్డ మీద పరచి, పైతడి ఆరగానే పిండి పట్టించాలి. లోపలి తడి మాత్రం ఉండాలి. పిండిని జల్లించి, ఆరిపోకుండా చేతితో అదిమి మూత పెట్టాలి. పిండి ఎండిపోతే అరిసె గట్టిపడుతుంది. అందుకే పొడి బియ్యప్పిండి ప్యాకెట్ కొని చేసినవారికి అరిసె కుదరదు.

ఇక పాకం. బెల్లంలో కొంచెం నీళ్లు పోసి కరిగించి, వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. నీరు ఆవిరైపోతున్న కొద్దీ పాకం చిక్కబడుతుంది, దాని వేడి పెరుగుతుంది. మొదట లేతపాకం, తరువాత తీగపాకం, ఆ తరువాత ఉండపాకం. అరిసెకు ఉండపాకం కావాలి. పళ్లెంలో చన్నీళ్లు పోసి అందులో ఒక చుక్క పాకం వేస్తే, వేళ్లతో దగ్గరకు తీసినప్పుడు మెత్తని ఉండ కావాలి. ఆ సమయంలో పాకం వేడి సుమారు 112 నుండి 116 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మన మామ్మల దగ్గర ఉష్ణమాపకం లేదు. పళ్లెంలో నీళ్లు, రెండు వేళ్లు, అంతే. పాకం లేతగా దించితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరిపోతే రాయి అవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్నది కొద్ది నిమిషాలే.

దించిన తరువాత పిండిని కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టకుండా కలపాలి. ఎంత పిండి? ఇక్కడే మామ్మ చెప్పే మాట ఉన్నది. “పాకం పట్టినంత.” మనుమరాలు మళ్లీ అడుగుతుంది, “పట్టినంత అంటే ఎంత మామ్మా?” “చూస్తే తెలుస్తాదమ్మా, ఇలా రా.” ఇందులో దాచిపెట్టడం ఏమీ లేదు. ఆమె నిజమే చెబుతోంది. బెల్లం ఒకసారి కొత్తది, ఒకసారి పాతది. పిండిలో తడి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. కాబట్టి పిండి కొలత ప్రతిసారీ మారుతుంది. చలిమిడి ముద్ద గరిటెను ఎలా పట్టుకొంటుందో చూసి ఆపాలి. ఆ చూపును కాగితం ఇవ్వలేదు. “ఇలా రా” అన్న పిలుపే ఇస్తుంది.

మాలతీ చందూర్ గారి “వంటలు-పిండివంటలు” వంటి పుస్తకాలు ఎన్నో ముద్రణలు పొంది తెలుగు ఇళ్లలో ఎందరో కొత్త కోడళ్లకు సాయపడ్డాయి. నేడు సెల్‌ఫోనులో ఏ వంటకమైనా చూడవచ్చు. ఇవన్నీ మంచివే. కాని పాకంలో వేలు పెట్టి, “ఇదీ ఉండపాకం, పట్టుకొని చూడు” అనే మనిషి పక్కన ఉంటే ఒక్క పూటలో వచ్చే పని, లేకపోతే ఎన్ని పుస్తకాలు చదివినా తడబాటుగానే ఉంటుంది. ఇది మన పాఠంలోని ముఖ్యమైన మాట: వంటకం వ్రాతలో నిలుస్తుంది, కాని చేతినుండి చేతికే అందుతుంది. రెండూ కావాలి.

ఒక ఊరు, అనేక వంటిళ్లు

మన విశాఖపట్నం ఓడరేవు పట్టణం. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పనికోసం కొత్త కుటుంబాలు వచ్చాయి. రైల్వేలో పనిచేసిన ఆంగ్లో-ఇండియన్లు, కేరళవారు, తమిళులు, గుంటూరు, గోదావరి జిల్లాలవారు ఇక్కడి తెలుగు కుటుంబాలతో కలిసి ఒకే పూజలో మోకరించారు. వచ్చినవారు పెట్టెలో బట్టలతోపాటు తమ వంటలను కూడా తెచ్చుకొన్నారు. ఊరు మారినా, భాష మారినా, పండుగనాటి వంట మాత్రం మారలేదు.

కేరళలోని తోమాసువారి క్రైస్తవుల ఇళ్లలో పవిత్ర గురువారం సాయంత్రం జరిగే ఆచారం చూడండి. బియ్యప్పిండి, మినపపిండితో, పులియబెట్టకుండా ‘పెసహా అప్పం’ చేస్తారు. మట్టలాదివారం నాడు దేవాలయంలో ఇచ్చిన మట్టతో దాని మీద చిన్న సిలువ పెడతారు. బెల్లం, కొబ్బరిపాలతో ‘పాలు’ కాస్తారు. రాత్రి ప్రార్థన చేసి, ఇంటి పెద్ద ఆ అప్పాన్ని కోసి పెద్దవారి నుండి చిన్నవారి వరకు వరుసగా పంచుతాడు. ఆ సంవత్సరం ఒక ఇంట్లో మరణం జరిగితే ఆ ఇంటివారు అప్పం చేయరు. బంధువులో, పొరుగువారో తమ ఇంటి నుండి తెచ్చి ఇస్తారు. ఒక వంటకంలో ప్రార్థన, వరుస, దుఃఖం, ఓదార్పు అన్నీ ఎలా ఇమిడి ఉన్నాయో గమనించండి. ఆ వంట తెలియని పిల్లవాడు ఒక్క రొట్టెను మాత్రమే కాదు, ఇంటి భక్తిలో ఒక భాగాన్నే పోగొట్టుకొంటాడు.

అలాగే గోవా, మంగుళూరు కతోలికులు క్రిస్మసుకు చేసే ‘కుల్‌కుల్’ను చూడండి. చిన్న పిండి ముద్దను ఫోర్కు వెనుక భాగం మీదనో, దువ్వెన మీదనో ఒత్తి చుట్టి వేయిస్తారు. మన తెలుగు ఇళ్లలో గవ్వల చెక్క మీద ఒత్తే గవ్వలు దానికి అక్కచెల్లెళ్లే. ఆంగ్లో-ఇండియన్ ఇళ్లలో ‘రోజ్ కుకీ’ అనేదాన్ని మనం గులాబీ పువ్వులు అంటాము. ఇనుప అచ్చును ముందు నూనెలో బాగా వేడెక్కనివ్వాలి. పిండిలో ముప్పాతిక వంతు మాత్రమే ముంచాలి, మునిగిపోతే పువ్వు ఊడిరాదు. ఈ రెండు మాటలు చెప్పేవారు లేక ఎన్ని అచ్చులు అటకల మీద తుప్పు పడుతున్నాయో!

మన విచారణలో పక్క బెంచీలో కూర్చున్న కుటుంబం ఇంట్లో ఏమి వండుతారో మనకు తెలుసా? క్రిస్మసునాడు పళ్లాలు మార్చుకొంటాము. వంటకాలు కూడా మార్చుకొంటే ఎంత బాగుండును!

దైవగ్రంథంలో భోజనపు బల్ల

నిర్గమ కాండము 12వ అధ్యాయంలో పాస్కా భోజనం ఎలా చేయాలో ప్రభువు వివరంగా చెప్పాడు. ఏ జంతువు, ఎప్పుడు, ఎలా కాల్చాలి, దేనితో తినాలి, మిగిలినదాన్ని ఏమి చేయాలి, అన్నీ ఉన్నాయి. ఒక విధంగా అది కుటుంబాలకు ఇచ్చిన వంట క్రమం. ఆ వెంటనే 26, 27 వచనాలలో పిల్లల ప్రస్తావన వస్తుంది. ఈ ఆచారానికి అర్థమేమిటని మీ పిల్లలు అడిగినప్పుడు, దేవుడు మనలను ఎలా కాపాడాడో చెప్పండి అని ఆజ్ఞ. చూశారా, ముందు వంట, తరువాత ప్రశ్న, ఆ తరువాత కథ. బల్ల మీద ఏమీ లేకపోతే పిల్లవాడు ఏమి చూసి అడుగుతాడు?

పునీత పౌలు తిమోతికి వ్రాసిన రెండవ లేఖ మొదటి అధ్యాయం 5వ వచనంలో తిమోతి విశ్వాసాన్ని మెచ్చుకొంటూ, అది ముందు అతని అవ్వ లోయిలో, తరువాత తల్లి యునీకేలో ఉన్నదని గుర్తుచేస్తాడు. అవ్వ, తల్లి, కొడుకు. మూడు తరాలు. మన జపమాల మనకు ఎలా వచ్చింది? పుస్తకం చదివి కాదు, అమ్మమ్మ పక్కన కూర్చొని. ఇంటి వంట కూడా అదే దారిలో వస్తుంది. వంట విశ్వాసంతో సమానమని దీని అర్థం కాదు. రెండూ ఒకే ఇంట్లో, ఒకే మనుషుల ద్వారా, పక్కన కూర్చోవడం అనే ఒకే పద్ధతిలో అందుతాయని అర్థం. పక్కన కూర్చోవడం మానేసిన ఇంట్లో రెండూ బలహీనపడతాయి.

రహస్యాన్ని దాచేవారికి సరెఫతు విధవరాలి కథ చాలు (1 రాజులు 17వ అధ్యాయం). ఆమె దగ్గర ఉన్నది గుప్పెడు పిండి, కొంచెం నూనె. అది ఏలియా ప్రవక్తకు పెట్టింది. కుండలో పిండి తరగలేదు. ఇచ్చినది నిలిచింది.

లోకం గుర్తించిన విలువ

ఇంటి వంట ఆడవారి చిన్న పని అని తీసిపారేసే కాలం పోయింది. కొరియా దేశంలో చలికాలానికి ముందు కుటుంబాలు, పొరుగువారు కలిసి పెద్ద మొత్తంలో ‘కిమ్చి’ అనే పచ్చడి పెట్టి పంచుకొంటారు. దాన్ని ‘కిమ్‌జాంగ్’ అంటారు. అత్తగారి నుండి కొత్త కోడలికి ఆ పద్ధతి అందుతుంది. 2013లో యునెస్కో సంస్థ ఈ కిమ్‌జాంగ్‌ను మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గౌరవించినది పచ్చడిని కాదు, కలిసి చేసి పంచుకోవడాన్ని.

మన దగ్గర కూడా ఉదాహరణలు ఉన్నాయి. నేడు అనకాపల్లి జిల్లాలో ఉన్న మాడుగులలో గోధుమపాలతో చేసే హల్వా పందొమ్మిదో శతాబ్దం చివర ఒక కుటుంబంలో మొదలై, తరాలు దాటి నేటికీ నడుస్తున్నది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, పులియనిచ్చి, నెయ్యి, పంచదారతో గంటల తరబడి కలపాలి. గోదావరి తీరంలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద పలుచని బియ్యప్పిండి గుడ్డను ఒక్క లాగు లాగి రేకు తీసే విద్య అక్కడి ఇళ్లలో ఆడవారి చేతుల్లో బ్రతికింది. ఒక ఇంటివారు పిల్లలకు నేర్పడం మానేసి ఉంటే మాడుగుల హల్వా ఎక్కడిది?

ఏది మారవచ్చు, ఏది మారకూడదు

కొందరు పెద్దలు, “రోట్లో దంచితేనే అరిసె, మరలో పట్టిస్తే అరిసె కాదు” అంటారు. ఈ పట్టుదల వల్ల కూడా పిల్లలు దూరమవుతారు. రోలు పోయి మర వచ్చింది. కట్టెల పొయ్యి పోయి గ్యాసు వచ్చింది. కొందరు ఇంట్లో పిండి కలిపి గిన్నెతో బేకరీకి తీసుకువెళ్లి కేకు కాల్పించుకొనేవారు. ఇప్పుడు ఇంట్లోనే ఓవెన్ ఉన్నది. పనిముట్టు మారవచ్చు. మోతాదు తగ్గవచ్చు. తాతగారికి మధుమేహం ఉంటే ఆయనకు ఒక్క అరిసెతో సరిపెట్టవచ్చు. పది కిలోల బదులు అరకిలో చేయవచ్చు.

మారకూడనివి కొన్ని ఉన్నాయి. తడిపిండి, ఉండపాకం వంటి ఆయువుపట్టు మారకూడదు. అది మారితే అది వేరే వంటకం. కలిసి చేయడం మారకూడదు. మొదటి పళ్లెం పొరుగింటికో, లేనివారికో వెళ్లడం మారకూడదు. ఇంకొక మాట: ఈ పని ఆడపిల్లలకే అన్న అలవాటు మాత్రం మారాలి. ఒంటరిగా ఊరుకాని ఊరిలో ఉండే మగపిల్లవాడికి వంట ఎంత అవసరమో ఈ కాలంలో చెప్పనవసరం లేదు. మనుమడు కూడా పాకంలో వేలు పెట్టాలి. అలాగే కోడలు కూడా తన పుట్టింటి నుండి ఒక వంటను తెస్తుంది. అత్తగారు దాన్ని కూడా ఇంటి పుస్తకంలో వ్రాయించాలి. వారసత్వం ఒక వైపు నుండే రాదు.

ఈ ఆగమన కాలంలో చేయవలసిన పని

1. ఇంటిల్లిపాదీ కూర్చొని, పోతే బాధపడే వంటకం ఒక్కటే ఎంచుకోండి. పది వద్దు. ఒక్కటి చాలు.

2. అది బాగా తెలిసిన పెద్దవారు ఎవరో చూడండి. ఆమెకు మోకాళ్ల నొప్పులు ఉంటే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆమె చెప్పాలి, పిల్లలు చేయాలి. ఆమే చేసేస్తే పిల్లలకు రాదు.

3. పూర్ణా మార్కెట్‌కో, మీ దగ్గరి బజారుకో పిల్లలను వెంట తీసుకువెళ్లండి. మంచి బెల్లం రంగు చూసి, కొంచెం నోట్లో వేసుకొని ఎలా ఎంచుకోవాలో, యాలకులు ఎలా చూడాలో అక్కడే నేర్పండి. వంట కొట్టు దగ్గరే మొదలవుతుంది.

4. ఆమె చేతితో వేసే ముందు ఆ గుప్పెడును, చిటికెడును తక్కెడలో వేసి తూచండి. “మామ్మ గుప్పెడు ఇన్ని గ్రాములు” అని వ్రాయండి.

5. గుర్తులు వ్రాయండి. ఎన్ని నిమిషాలు అన్నది మాత్రమే చాలదు. రంగు ఏమిటి, వాసన ఏమిటి, చప్పుడు ఏమిటి, వేలికి ఎలా తగిలింది అన్నవి వ్రాయండి. చెడిపోతే ఎలా సరిచేయాలో కూడా అడిగి వ్రాయండి.

6. సెల్‌ఫోను ఉంటే ఆమె చేతులను, మాటలను చిత్రీకరించి దాచండి. కాని చిత్రీకరించే పిల్లవాడు ఆ తరువాత ఒక వాయి తానే వేయాలి.

7. ఆ వంట ఎవరి నుండి వచ్చింది, ఏ ఊరి నుండి వచ్చింది, మొదట ఏ పండుగకు చేశారు అని అడిగి, పేర్లతో సహా పుస్తకంలో వ్రాయండి. చనిపోయినవారి పేర్లు చెప్పుకొన్నప్పుడు వారి ఆత్మశాంతికై ఒక పరలోక జపం చెప్పుకోండి.

8. వచ్చే ఏడాది ఆ వంట పిల్లలే చేయాలి. పెద్దవారు రుచి చూసి చెప్పాలి. అప్పుడే అది అందినట్లు.

విచారణలో మరియదళ సభ్యులు, యువజన సంఘాలు, సత్యోపదేశం నేర్పే ఉపాధ్యాయులు తలచుకొంటే ఇంకొక మంచి పని చేయవచ్చు. మన మధ్య ఒంటరిగా ఉంటున్న వృద్ధురాళ్లు ఎందరో ఉన్నారు. వారి పిల్లలు దూరాన ఉన్నారు. నేర్పడానికి ఎవరూ లేరు. సరుకులు తీసుకొని నలుగురు యువతీ యువకులు వారి ఇంటికి ఒక సాయంత్రం వెళితే, వారికి పండుగ ముందే వచ్చినట్లవుతుంది. ఒక వంట బ్రతుకుతుంది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఒంటరితనం ఉండదు.

పెద్దలు మనతో ఎప్పుడూ ఉండరు. అడగవలసినది వారు ఉన్నప్పుడే అడగాలి. పూర్ణా మార్కెట్‌లో బెల్లం వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది. పాకం చూపించే వేళ్లు దొరుకుతాయో లేదో ఎవరు చెప్పగలరు? ఈ సంవత్సరం చీటీ వ్రాసేటప్పుడు కలం మనుమరాలి చేతికో, మనుమడి చేతికో ఇవ్వండి. మామ్మ పక్కనే కూర్చోబెట్టండి. మిగిలినది ఆమే చూసుకొంటుంది.

కుటుంబంలో మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. మన ఇంట్లో ఒక్కరికే తెలిసిన వంటకం ఏది? అది ఎవరికి నేర్పాలి?

2. మన ఇంటి పాత కొలత పాత్ర ఏది? దాని తూకం ఎంత?

3. మన ఇంటికి వచ్చిన కోడలి, అల్లుడి పుట్టింటి పండుగ వంట ఏమిటో మనం ఎప్పుడైనా అడిగామా?

4. ఈ క్రిస్మసుకు మన మొదటి పళ్లెం ఎవరి ఇంటికి వెళ్లాలి?